ఇటలీ హోటల్లో దోసిలి

ఈస్టరు వెళ్ళిన రెండో శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక ఇటలీ హోటల్లో, నీళ్ళు పోయడానికి వచ్చిన మనిషికి నేను దోసిలి పట్టాను.

టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఎదురు గోడకి పెద్ద గడియారం ఉంది. దోసిలి దించాక ఎవరి మొహం చూడాలో తెలియక దాన్నే చూశాను.

నా ముందు గాజుగ్లాసు ఉంది. అందులో పోయించుకోవాలని నాకు తెలుసు. అంతకుముందు రెండుసార్లు దాంతోనే తాగాను కూడా. అయినా చేతులు లేచాయి. బల్ల చుట్టూ ఏడుగురం కూర్చుని ఉన్నాం. మిగతా ఆరుగురూ చూశారు.

ఇది ఎవరికీ చెప్పొద్దని మా అమ్మాయి అంది. చెప్పడం లేదు. రాస్తున్నాను.

నాకు డెబ్బై దాటాయి. ఎంత దాటాయో ఆధార్ కార్డుకి కూడా తెలియదు. అందులో జనవరి ఒకటి అని వేశారు. మా కాలనీలో ముసలివాళ్ళం సగం మందిమి అదే రోజు పుట్టాం. నేను పుట్టింది వత్సవాయి దగ్గర ఒక పల్లెలో, కాపురం నందిగామలో. పెళ్ళికి ముందూ తర్వాతా చేసింది కూలిపనే. మిరప కోతలు, పత్తి తీతలు, నాట్లు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మా అమ్మాయి అప్పటికే బడిలో టీచరు. చర్చి వసారాలో సాయంత్రం పూట మాలాంటి వాళ్ళని కూర్చోబెట్టి నేర్పింది. మిగతావాళ్ళు బైబిలు చదువుకోవాలని వచ్చారు. నేను బస్సు బోర్డులు చదవాలని వెళ్ళాను. మైలవరం వెళ్ళాల్సినదాన్ని ఒకరోజు జగ్గయ్యపేట బస్సెక్కి కూర్చుంటే కండక్టరు నలుగురిలో నవ్వాడు. ఆ వారమే పలక కొనుక్కున్నాను. అప్పటినుంచీ తెలుగు అక్షరం ఎక్కడ కనపడినా చదవకుండా ఉండలేను. గోడ మీదైనా సరే, పొట్లం కట్టిన కాగితం మీదైనా సరే.

మా అమ్మాయికి ఒక్కతే కూతురు. విశాఖలో బ్యాంకులో పని చేస్తుంది. ఆ బ్యాంకులోనే పని చేసే అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయిది జగ్గయ్యపేట. వాళ్ళు హిందువులు, భూములున్నవాళ్ళు, ఇప్పుడు టౌనులో ఎరువుల వ్యాపారం. మేము క్రైస్తవులం, పేట మనుషులం, వాళ్ళలాంటి వాళ్ళ పొలాల్లో కూలికి వెళ్ళి బతికినవాళ్ళం. ఏడాది పాటు వాళ్ళింట్లో ఒప్పుకోలేదు. ఆ అబ్బాయి వాళ్ళింటికి వెళ్ళడం మానేశాడు. చివరికి వాళ్ళ నాన్న కబురు పెట్టాడు. ఒకసారి కూర్చుని భోజనం చేస్తూ మాట్లాడుకుందాం, విశాఖలో సముద్రం ఒడ్డున మంచి హోటలుంది, అక్కడ కలుద్దాం అని. పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు కదా అన్నాడు. అదీ నిజమే.

నందిగామ నుంచి జగ్గయ్యపేటకి బస్సులో ముప్పావుగంట. విశాఖకి రైల్లో ఒక పూట. నేను ఈ మాట మా అమ్మాయితో అంటే, "అమ్మా, నువ్వు ప్రతిదానికీ లెక్కలు తియ్యకు," అంది.

వెళ్ళడానికి మూడు రోజుల ముందు మనవరాలు ఫోను చేసింది.

"అమ్మమ్మా, వాళ్ళింట్లో అందరూ కొంచెం మెత్తబడ్డారు. నాయనమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడ ఊ అంటే అయిపోయినట్టే. ఆవిడ కాదంటే మాత్రం ఇంకెవరూ నోరెత్తరు."

"అయితే?"

"నీ నోరు నాకు తెలుసు. ఆ ఒక్క పూటా తెరవకు."

"తినడానిక్కూడానా?"

"తినడానికి తెరువు. మాట్లాడ్డానికి వద్దు. ప్రధానం సంగతి అసలే ఎత్తకు. ఒట్టెయ్యి."

ప్రధానం అంటే మా పేటలో పెళ్ళికి ముందు జరిగే పని. అబ్బాయి తరఫువాళ్ళు అమ్మాయి ఇంటికి రావాలి. పాస్టరుగారు ప్రార్థన చేసి మాట ఖాయం చేస్తారు. ఆ తర్వాత ఆ ఇంట్లో వండింది వాళ్ళు కూర్చుని తినాలి. తినకుండా లేచి వెళ్తే మాట చెడినట్టే, ఎంత ప్రార్థన జరిగినా. మా అమ్మకి అలాగే జరిగింది, నాకు అలాగే జరిగింది, మా అమ్మాయికీ అలాగే జరిగింది. మా మనవరాలికి అలా జరగదని ఆ ఫోనులోనే అర్థమైంది.

"ఒట్టు," అన్నాను.

దానికి చెప్పనిది ఒకటుంది. అబ్బాయి వాళ్ళ ఇంటిపేరూ, వాళ్ళ సొంత ఊరూ విన్న రోజే నాకు తెలిసింది, ఆ ఇల్లు నేనెరుగుదును. పెళ్ళి కాకముందు రెండేళ్ళు వాళ్ళ చేలో మిరప కోతకి వెళ్ళాను. మధ్యాహ్నం నీళ్ళకి వాళ్ళ దొడ్లోకి వెళ్ళేవాళ్ళం. ఆ ఇంటికి అప్పుడే కొత్తగా వచ్చిన కోడలు అరుగు మీద నిలబడి చెంబుతో పోసేది. మేము కింద వంగి దోసిలి పట్టేవాళ్ళం. ఆవిడకి గురి బాగుండేది. ఎత్తునుంచి పోసినా చుక్క పక్కన పడేది కాదు. తిట్టేది కాదు. ఎండ ఎక్కువైన రోజు మజ్జిగ కూడా పోసేది. మంచి మనిషే. చెంబు మాత్రం చేతికిచ్చేది కాదు. ఆ కోడలే ఇప్పుడు నాయనమ్మ.

ఇది తెలిసినప్పుడు నాకు కోపం వస్తుందేమో అని చూశాను. రాలేదు. భయమూ లేదు. పొయ్యి మీద పాలున్నాయి, వెళ్ళి దించాను.

ఫోర్కుతో తినడం నేర్పడానికి మా అమ్మాయి వారం రోజులు సేమ్యా ఉప్మా చేసింది. టీచరు కదా, దేన్నైనా పాఠంలా చెబుతుంది. "చుట్టు అమ్మా, గుచ్చకు, చుట్టు." నేను చుట్టేదాన్ని, సేమ్యా జారిపోయేది. షుగరు వచ్చాక నా వేళ్ళ కొసలకి స్పర్శ లేదు, ఆ ఇనప ముల్లు చేతిలో ఉందో లేదో చూస్తేనే తెలిసేది. మా అల్లుడు పక్కన కూర్చుని చేత్తో తింటూ, "అత్తయ్యా, ఆకలైతే చెప్పండి, చెయ్యి అరువిస్తా," అన్నాడు. ఆయన ఆర్టీసీ డ్రైవరు. విశాఖకి తను రానన్నాడు. సెలవు దొరకలేదని అందరికీ చెప్పాడు. నాతో మాత్రం, "ఆ బల్ల ముందు నేను కూర్చోలేనండి. వాళ్ళు ఒకటంటారు, నేను రెండంటా. పిల్ల పెళ్ళి పాడైపోద్ది," అన్నాడు. నేను సరే అన్నాను. ఇంట్లో నోరున్న వాళ్ళం ఇద్దరమే. ఒకడు రావడం లేదు, ఒకతె ఒట్టేసింది.

తెల్లవారుజామున బెజవాడలో రైలెక్కాం, నేనూ మా అమ్మాయీ. పదకొండింటికి దిగాం. మనవరాలు స్టేషనుకొచ్చి నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "చీర బాగుంది. చెప్పులేంటి అమ్మమ్మా?" అంది. కొత్తవి కొనుక్కున్నాను, రైల్లో కరిచాయి, సంచిలో పెట్టి పాతవి వేసుకున్నాను. ఆటోలో మళ్ళీ కొత్తవి తొడిగించింది.

హోటలు ఒకటే పెద్ద గది, ఒక పక్కంతా అద్దం. అద్దం అవతల రోడ్డు, రోడ్డు అవతల ఇసుక, ఇసుక అవతల సముద్రం. లోపల చల్లగా, చర్చిలో ఆరాధన కాని రోజులా నిశ్శబ్దంగా ఉంది. నేను సముద్రం చూడటం అదే మొదటిసారి. అందరూ నా మొహం వైపు చూశారు, ఏమంటానో అని. పెద్దగా ఉంది, అన్నాను. అంతకన్నా ఏమీ అనిపించలేదు. ఇసుకలో నీలం బోర్డు మీద తెలుగులో రాసి ఉంది. చదివాను. "లోతు ఎక్కువ. నీటిలో దిగరాదు." ఆ రోజు నేను ఆ బోర్డుని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

వాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. కారులో వచ్చారట. అబ్బాయి లేచి ఎదురొచ్చి, "రండి అమ్మమ్మగారూ," అని కుర్చీ లాగాడు. మంచి పిల్లవాడు, కొంచెం కంగారు మనిషి. అబ్బాయి తల్లి మా అమ్మాయిని "రండి వదినగారూ" అంది, ఆ మాట ఇంట్లో అనుకుని వచ్చినట్టు తొందరగా అనేసి ఫోను చూసుకుంది. అబ్బాయి తండ్రి మాత్రం భోజనం అయ్యేదాకా మమ్మల్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. "కూర్చోండి అండి", "తీసుకోండి అండి", "ప్రయాణం బాగా జరిగిందా అండి". మా అమ్మాయిని చెల్లెమ్మా అనాలి, నన్ను పిన్నిగారూ అనాలి. అండి ఉంది కాబట్టి ఆయన పని గడిచిపోయింది.

నాయనమ్మ చివర్న కూర్చుని ఉంది. జరీ అంచు నేతచీర, తెల్లజుట్టు, మోకాళ్ళకి గుడ్డపట్టీలు. నన్ను చూసి తల ఆడించింది. నేను గుర్తు లేను. ఎందుకుంటాను? మేము పాతికమందిమి వంగేవాళ్ళం, ఆవిడకి కనపడేవి మా చేతులే.

ఆవిణ్ణి అక్కయ్యగారూ అని పిలవాలని దారంతా అనుకుంటూ వచ్చాను. రెండు వైపులా అమ్మమ్మా నాయనమ్మా అయితే వరస అదే. తీరా నోట్లోంచి వచ్చింది, "బాగున్నారా అమ్మగారూ."

మా అమ్మాయి తల దించుకుంది.

మెనూ అట్టలు అందరికీ ఇచ్చారు. నా అట్టలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, మూసి పక్కన పెట్టాను. అబ్బాయి అందరికీ చెప్పాడు ఏం తెప్పించాలో. మొదట రొట్టెముక్కలు తెచ్చి, గిన్నెలో పచ్చగా ఉన్న నూనె పెట్టారు. ముంచుకుని తినాలట. తర్వాత తలకాయలతో సహా వేయించిన రొయ్యలు. తర్వాత ముద్దగా ఉడికిన అన్నం లాంటిది, జున్ను వేసి కలిపారు. మా చర్చి విందుల్లో ఎసరు ఎక్కువైన రోజు అలాగే అవుతుంది, ఆ రోజు వంటవాణ్ణి అందరం తిడతాం. ఇక్కడ అబ్బాయి తల్లి దాన్ని ఫోటో తీసింది. ఆ తర్వాత పొడుగు సేమ్యాలా ఉన్న పాస్తా, ఎర్ర గుజ్జులో.

నేను చుట్టాను. వారం రోజులు నేర్చుకున్నట్టే, గుచ్చకుండా. మా అమ్మాయి నా ఫోర్కునే చూస్తోంది, పిల్లలు పద్యం ఒప్పజెబుతుంటే చూసినట్టు. నాలుగు చుట్లు బాగానే వచ్చాయి.

నాయనమ్మ ఫోర్కు ముట్టుకోలేదు. బంగారు గాజులు పైకి తోసి, పాస్తాలో చెయ్యి పెట్టి, కలిపి, ముద్ద చేసి తింది. గుజ్జు మణికట్టు దాకా కారింది. హోటల్లో ఎవరూ చూడలేదు, చూసినా ఆవిడకి పట్టలేదు. నేను వారం రోజులు సేమ్యా ఉప్మా తిన్నది గుర్తొచ్చింది.

ఆవిడ ముద్దలోంచి ఒక ఆకు తీసి వాసన చూసింది. "ఇదేంట్రా, తులసాకు వేశారు కూరలో? కోటలో మొక్క పీక్కొచ్చారా?"

"తులసి కాదు నాయనమ్మా, అలాంటిదే, వేరే ఆకు," అన్నాడు అబ్బాయి.

"అలాంటిదే అంటే అదే. మహాపాపం," అని, ఆకు పక్కన పెట్టి మళ్ళీ తింది.

చప్పగా ఉందని అబ్బాయి చిన్న గిన్నెలో ఎండుమిరప పలుకులు తెప్పించాడు. నాయనమ్మ చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని వేలితో చెదిపింది. నేనూ తీసి చూశాను. రంగు లేదు, గింజ ఎక్కువ, తొక్క పల్చన. ఇద్దరం ఒకేసారి అన్నాం:

"తాలు."

కల్లంలో ఏరి పక్కన పోస్తామే, రంగు విరిగిన కాయ, అది తాలు. కొనేవాడు చవగ్గా అడుగుతాడు. ఆవిడ నా వైపు చూసి మొదటిసారి నవ్వింది. "ఇంత పెద్ద హోటలు కట్టి తాలుకాయ పెడతాడా వెధవ," అంది. "మచ్చకాయ కూడా కలిసిందండి," అన్నాను నేను. మనవరాలు కళ్ళు పెద్దవి చేసి నన్ను చూసింది, మాట్లాడుతున్నానని. కానీ దాని మొహంలో వెలుగొచ్చింది. కుదిరేలా ఉంది అనుకుంది పాపం.

అప్పుడు అబ్బాయి తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలు ఇష్టపడ్డారు. కాలం మారింది. మేమేం అడ్డు చెప్పదల్చుకోలేదండి. ఒకటే మాట. ఊళ్ళల్లో హడావుడి వద్దు. రిజిస్టరు ఇక్కడే చేయిద్దాం. సాయంత్రం ఇదే హోటల్లో భోజనాలు. మీ వైపు పదిమంది, మా వైపు పదిమంది. చక్కగా, నీటుగా. అటు నందిగామలోగానీ ఇటు జగ్గయ్యపేటలోగానీ ఎవరికీ..." అని ఆగాడు.

ఎవరికీ అన్నాక ఏముంటుందో అందరికీ తెలుసు. మా అమ్మాయి, "మీ ఇష్టం అన్నయ్యగారూ," అంది. మనవరాలు నాయనమ్మ వైపు చూసింది. ఆవిడ పాస్తా నములుతోంది. నేను అద్దంలోంచి నీలం బోర్డు చదువుతున్నాను. ప్రధానం లేదన్నమాట. మా గుమ్మం తొక్కరన్నమాట. ఒట్టేశాను కాబట్టి నోరు మూసుకుని ఉన్నాను. దాహంగా ఉంది, ఆ తాలుకారం గొంతులో పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నీళ్ళాయన వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. వెనకనుంచి వచ్చి, నా భుజం పైనుంచి సీసా వంచాడు. నేను చూడలేదు. పైనుంచి నీళ్ళ చప్పుడు వినపడింది, అంతే. రెండు చేతులూ కలిసి లేచాయి.

ఆయన పాపం ఆపుకోలేకపోయాడు. కొన్ని గ్లాసులో పడ్డాయి, కొన్ని నా దోసిట్లో పడ్డాయి. చల్లగా ఉన్నాయో లేదో నాకు తెలియలేదు.

దోసిట్లో పడ్డ నీళ్ళని ఏం చేస్తారు? తాగాను.

తాగి, తల ఎత్తి, గడియారం చూశాను. అప్పుడే ఒంటిగంటా ఇరవై.

అబ్బాయి తల్లి ఫోనులోకి చూసింది. అబ్బాయి తండ్రి సముద్రం చూశాడు. మా అమ్మాయి నాప్‌కిన్ తీసి నా చేతులు తుడిచింది, గట్టిగా, చిన్నపిల్లకి తుడిచినట్టు. మనవరాలి మొహం నేను చూడలేదు. నీళ్ళాయన "సారీ అమ్మా" అని రెండుసార్లన్నాడు. ఆయన తప్పేముంది?

నాయనమ్మ మాత్రం నా చేతుల్నే చూస్తోంది. మొహం గుర్తులేని మనిషికి చేతులు గుర్తొచ్చాయి.

"మా ఇంట్లో చేశావా ఎప్పుడైనా?" అంది.

"చేశానండి. రెండు మిరప కోతలు. మీరు కాపరానికొచ్చిన ఏడూ, ఆ మరుసటేడూ."

"నీళ్ళు నేనే పోసేదాన్ని."

"మీరే."

"మజ్జిగ కూడా పోసేదాన్ని."

"పోసేవారు. ఉప్పెక్కువేసేవారు."

"అది మా అత్త కలిపేది," అంది ఆవిడ. "నాకూ అదే పోసేది."

అబ్బాయి తండ్రి, "అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు.

ఆవిడ తప్పైందని అనలేదు. నేను అనిపించుకోవాలనుకోలేదు. ఆ కాలంలో అందరూ అలాగే పోశారు, అందరం అలాగే తాగాం. కానీ ఒక సంగతి అప్పుడు తోచింది. మా చేతులు ఆవిడకి గుర్తున్నాయి. ఆవిడ చెంబు నాకు గుర్తుంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు, ఇంకా ఈ హోటలెందుకు?

"అక్కయ్యగారూ," అన్నాను. ఈసారి సరిగ్గానే వచ్చింది. "ప్రధానం మా ఇంట్లో జరగాలి. మీరు రావాలి. నేనే వండుతా. మీరు కూర్చుని తినాలి. ఆ తర్వాత రిజిస్టరు ఎక్కడైనా చేసుకోండి, నాకు పన్లేదు."

బల్ల కింద మనవరాలు నా కాలు తొక్కిందట. మూడుసార్లు తొక్కిందట. తర్వాత చెప్పింది. నాకు తెలియలేదు. వేళ్ళలాగే కాళ్ళకీ స్పర్శ తక్కువే.

"అలా కాదండి," అన్నాడు అబ్బాయి తండ్రి. "మీరు పెద్దవారు, అర్థం చేసుకోవాలి. జనం ఉంటారు. రేపు వ్యాపారం..."

"మీ కారు ఎటునుంచి వచ్చింది బాబూ?"

"హైవే మీద."

"నందిగామ పక్కనుంచే కదా. కీసర టోలుగేటు దాటి. మా ఇల్లు దాటుకుని ఇంత దూరం వచ్చారు అన్నం తినడానికి. వెళ్ళేటప్పుడూ దాటుకునే వెళ్తారు. ఒకసారి ఆగండి అంటున్నా, అంతే."

"అమ్మా!" అంది మా అమ్మాయి.

"అమ్మమ్మా, ప్లీజ్," అంది మనవరాలు. ఏడుపు గొంతు.

అప్పుడు నాకు తెలుసు, పాడు చేశానని. దాని పెళ్ళి ఆ ముసలామె నోట్లో ఉంది, నేను ఆ నోటిని ఎదిరించాను. తెలిసినా మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. జాలి కూడా రాలేదు. లోపల అంతా కాలు తిమ్మిరెక్కినట్టు ఉంది. ఉందని తెలుస్తుంది, నాదనిపించదు.

నాయనమ్మ చెయ్యి కడుక్కోవాలంది. గిన్నెలో వేడినీళ్ళూ నిమ్మచెక్కా తెచ్చారు. తీరిగ్గా ఒక్కొక్క వేలూ కడుక్కుంది. తుడుచుకుంది. గాజులు కిందికి దించుకుంది.

"మీ ఇంటికి మెట్లెన్ని?" అంది.

"రెండు."

"పట్టుకోడానికి ఏమైనా ఉందా?"

"గోడ ఉంది."

"రెండైతే ఎక్కుతాలే." "కారం తగ్గించు. నాకు గ్యాసు."

"తగ్గించనండి. పక్కన పెరుగు పెడతా."

అబ్బాయి తండ్రి, "అమ్మా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నాడు. ఆవిడ కొడుకు వైపు కూడా చూడకుండా, "నువ్వు రాకపోతే మానెయ్. నాకు డ్రైవరున్నాడు," అంది.

అబ్బాయి నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు, నాప్‌కిన్‌తో మొహం తుడుచుకున్నాడు. తర్వాత కాఫీ వాసన వచ్చే మెత్తటి కేకు ముక్కలు తెచ్చారు. నాకు షుగరు, తినకూడదు. తిన్నాను.

బయటికొచ్చాక మనవరాలు నాతో మాట్లాడలేదు. ఇసుక దాకా నడిచాక అంది, "కుదిరింది కాబట్టి సరిపోయింది. కుదరకపోతే ఏం చేసేదానివి? ఒట్టేశావు నా మీద."

"నోటికి ఒట్టు పెట్టావు. చేతులకి పెట్టలేదు."

"జోకులెయ్యకు అమ్మమ్మా. నా ప్రాణం పోయింది అక్కడ."

అది అడిగినదాంట్లో తప్పు లేదు. కుదరకపోతే ఏం చేసేదాన్నో నాకు ఈ రోజుకీ తెలియదు. సముద్రం దగ్గరగా చూశాను. నీళ్ళలో కాలు పెట్టమని మా అమ్మాయి అంది. బోర్డు చూపించాను.

ప్రధానం అయింది. నాయనమ్మ వచ్చింది. రెండు మెట్లూ గోడ పట్టుకుని ఎక్కింది. అబ్బాయి తండ్రి రాలేదు, షాపులో స్టాకు దిగుతోందని చెప్పి పంపాడు. అబ్బాయి తల్లి వచ్చింది, నీళ్ళ సీసా తనే తెచ్చుకుంది, అన్నం మాత్రం రెండు ముద్దలు తింది. పాస్టరుగారు ప్రార్థన కొంచెం పొడుగ్గా చేశారు. నాయనమ్మ కోడికూరా అన్నమూ తిని, పెరుగేసుకుని, కారం మండిపోతోందని నన్ను తిట్టింది. ఇప్పటికీ నన్ను నువ్వు అంటుంది. నేను మీరు అంటాను. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. నీళ్ళు మా స్టీలుగ్లాసుతో తాగింది, పెదవులకి ఆనించుకుని. నేను ఎదురుగా నిలబడి చూశాను. లోపల ఏదో కదుల్తుందనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కదా, కదలాలి. ఏమీ కదల్లేదు. ఆవిడ వెళ్ళాక ఆ గ్లాసు కడిగి మిగతా గ్లాసుల పక్కన బోర్లించాను. మర్నాటికి ఏది ఆవిడ తాగిందో తెలియలేదు.

మా మనవరాలు ఆ రోజు చాలా సంతోషంగా ఉంది. అది చాలు కదా అంటుంది మా అమ్మాయి. చాలు.

పేర్లు రాయొద్దంది మా అమ్మాయి, అందుకని వరసలే రాస్తున్నాను. ఆ శనివారం ఆ హోటల్లో ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళం వీళ్ళం: నేను, నా పక్కన మా అమ్మాయి, దాని పక్కన నా మనవరాలు, ఎదురుగా దాన్ని చేసుకునే అబ్బాయి, అతని తండ్రి, అతని తల్లి, చివర్న, మోకాళ్ళకి పట్టీలతో, మా అక్కయ్యగారు, సీసా పట్టుకుని నా వెనక నిలబడ్డ నీళ్ళాయన.